సొట్ట తీసిన బంగారు వాచీ

మదనపల్లెలో బెంగళూరు రోడ్డు మీద, రెండు సెల్‌ఫోన్ల కొట్ల నడుమ, అలావుద్దీన్ వాచీల దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక అద్దాల బల్ల, ఒక స్టూలు, మెడ వంచిన దీపం, వెనక గోడకు తలా ఒక వేళ చూపించే నాలుగైదు గడియారాలు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. అరవై దాటినా చేయి వణకలేదు గానీ, ఆ చేతికి తగిన పని రావడం ఏనాడో తగ్గిపోయింది. బ్యాటరీ మార్చమనేవాళ్ళు, బెల్టుకు ఇంకో చిల్లు పొడవమనేవాళ్ళు వస్తుండేవారు. దాన్ని ఆయన పనిగా ఎంచేవాడు కాదు. ఇల్లు దానితోనే గడుస్తుంది కాబట్టి కాదనేవాడూ కాదు.

బాగుచేసిన వాచీని వచ్చిన రూపంలోనే తిరిగి ఇవ్వడం ఆయన దృష్టిలో సగం పని మాత్రమే. ఆ ప్రాంతంలో పెళ్ళికి ముందు ఇంట్లోని బంగారాన్ని కంసాలి దగ్గరికి మెరుగుకు పంపుతారు. మాసిన నగతో ముహూర్తానికి కూర్చోవడం ఆ ఇంటికి తలవంపు. అలావుద్దీన్ తండ్రి ఆ ఆనవాయితీని వాచీలకూ పట్టించాడు. కొడుకు దాన్ని వ్రతంలా పాటించాడు. గీతలు పోవాలి, మబ్బు పట్టిన అద్దం మారాలి, అంచులు తళతళలాడాలి. వాచీ చేతికందగానే యజమాని ముఖం విప్పారి "ఇది నాదేనా అప్పా?" అనాలి. ఆ ప్రశ్న వినడం కోసమే ఆయన అన్నేళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నాడంటే అతిశయోక్తి కాదు.

మరొక అలవాటు కూడా ఉంది. తీసేసిన పాత అద్దాన్ని, అరిగిన చక్రాన్ని, తెగిన స్ప్రింగును చిన్న కాగితంలో పొట్లం కట్టి వాచీతోపాటు ఇచ్చేసేవాడు. "నీ సామాను నీది. నాకాడ ఉంచుకుంటే రేపు నీకు అనుమానం, నాకు పాపం," అనేవాడు. ఆ పొట్లాన్ని చాలామంది దుకాణం మెట్లు దిగకముందే పారేసేవాళ్ళు. అయినా ఆయన కట్టడం మానలేదు. నిజాయితీపరుడన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు.

అలాంటి మనిషికి జీవితంలో ఒకే ఒక్క వస్తువు మీద మనసు పడింది.

అది పుంగనూరులో చింతపండు మండీ నడిపే గోవిందస్వామి చేతిది. దీర్ఘచతురస్రపు బంగారు వాచీ. బెంగళూరులో సామాన్లన్నీ అమ్ముకుని దేశం వదిలిపోతున్న ఒక దొరల ఇంట్లో గోవిందస్వామి తండ్రి కొన్నది. గుండ్రటి వాచీలు అలావుద్దీన్ వేలకొద్దీ చూశాడు. ఇది వాటి జాతి కాదు. కేసు నిలువుగా సాగి, మణికట్టు వంపుకు తగ్గట్టు సన్నగా వంగి ఉండేది. మీగడ రంగు డయలు మీద రోమను అంకెలు మూలల దగ్గర ఒదుగుతూ పక్కకు వాలేవి. నీలం రంగు తేలేలా కాచిన ఉక్కు ముళ్ళు వెలుతురుకు ఒకసారి నల్లగా, ఒకసారి నెమలి మెడలా కనిపించేవి. అన్నిటికంటే ఆయనను పట్టి లాగింది లోపలి సంగతి. చక్రాలన్నీ గుండ్రంగానే ఉంటాయి. వాటిని ఇంత ఇరుకు నిలువు గదిలో ఒకదాని భుజం మీద ఒకటి ఎలా నిలబెట్టారో కంటితో చూడాలని ఆయన కోరిక. నలుగురికీ చూపించడానికి డాబుగా పెట్టుకునే బంగారం వేరు, తన పని తాను చేసుకుంటూ నిమ్మళంగా మెరిసే ఈ బంగారం వేరు అనుకునేవాడు.

గోవిందస్వామి బ్యాంకు పని మీద మదనపల్లె వచ్చినప్పుడల్లా ఆ దుకాణం దగ్గర టీ తాగేవాడు. వాచీని సర్వీసుకు మాత్రం బెంగళూరు కంటోన్మెంటులో తన తండ్రి చూపించిన ముసలి మెకానిక్కు దగ్గరికే తీసుకుపోయేవాడు.

"సామీ, ఒక్కసారి మూత తెరిచి సూసి ఇస్తాను. పైసా వొద్దు," అని అలావుద్దీన్ అడిగేవాడు.

"తెరిస్తే మళ్ళా నాదే నాకిస్తావని ఏం నమ్మకమప్పా? నీ కన్ను ఎప్పుడూ దీనిమీదనే ఉండాది," అని గోవిందస్వామి గట్టిగా నవ్వేవాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వేవారు. అలావుద్దీన్ అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. హాస్యంలో విషమేమీ లేదు. కానీ అది చాలామంది చెవిన పడింది, గోవిందస్వామి ఇంట్లోనూ పడింది.

గోవిందస్వామి పోయాక మండీ మూతబడింది. భార్య ఈశ్వరమ్మ కుప్పంలో కూతురు అంబిక ఇంటికి చేరింది. నీటికాసుల జబ్బుతో ఆమెకు అప్పటికే చూపు పోయింది. భర్త వస్తువుల్లో ఆమె ఉంచుకున్నది ఆ వాచీ ఒక్కటే. పొద్దున లేవగానే కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, పగలంతా చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకునేది. ఒకనాడు అది ఆగిపోయింది. కంటోన్మెంటు మెకానిక్కు అప్పటికి లేడు, ఆయన దుకాణమూ లేదు. అంబిక కొడుకు హేమంత్ పెళ్ళి దగ్గరపడుతోంది. పెళ్ళినాడు తాత వాచీని తన చేత్తోనే మనవడి చేతికి కట్టాలని ముసలామె ఆశ.

అంబిక దాన్ని తీసుకుని మదనపల్లె వచ్చింది. "అలావుద్దీనన్నా, నాయన వాచీ. అమ్మ అన్నం గూడా సరిగా తినకుండా ఉండాది. పెండ్లి లోపల తిరిగేట్టు చేసి ఇయ్యన్నా," అంది.

ఆమె అడిగింది అంతే. ఇంకేమీ చెప్పలేదు.

అలావుద్దీన్ రెండు అరచేతులూ చాచి వాచీని అందుకున్నాడు. అంబిక వెళ్ళాక దుకాణం తలుపు సగం దించి, చేతులు కడుక్కుని, కంటికి భూతద్దం తగిలించుకుని మూత తీశాడు. జీవితమంతా ఊహించుకున్నదానికంటే లోపల బాగుంది. చక్రాలు కాదు, బారులు తీరి నమాజుకు నిలబడ్డ మనుషులు అనిపించింది. తెగింది స్ప్రింగే. పాత సామాను డబ్బాలన్నీ వెతికి, సరిపోయేదాన్ని సానబట్టి కూర్చాడు. నూనె వేశాడు. అది నడిచింది. భార్య కమరున్నీసాను దుకాణానికి పిలిపించి చూపించాడు. చిన్నపిల్లవాడిలా ఉన్నాడని ఆమె నవ్వింది.

పని అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు.

ఆగలేదు. ఎదురుగా పెళ్ళి ఉంది. పెళ్ళికొడుకు చేతికి వెళ్ళే బంగారం మాసి ఉంది, అంచులు అరిగి మొద్దుబారాయి, అద్దం పసుపెక్కింది, ఎడమవైపు కింది మూలలో ఒక సొట్ట. ఆ సొట్టను ఆయన గోవిందస్వామి చేతి మీద ఎన్నోసార్లు చూసి బాధపడ్డాడు. ఇంత అందమైన ముఖం మీద ఆ మచ్చ ఏమిటని. ఎలా పడిందో ఎన్నడూ అడగలేదు; ఎవరూ చెప్పలేదు. లోపలినుంచి చెక్క మొనతో కొద్దికొద్దిగా ఒత్తి దాన్ని సమం చేశాడు. తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని తానే మెరుగు పెట్టించాడు. అంచులు మళ్ళీ పదును తేలాయి. కొత్త అద్దం కోసి బిగించాడు. చెమటకు నల్లబడిన పాత బెల్టు తీసేసి మంచి తోలు బెల్టు వేశాడు. కూలి తీసుకోదలచలేదు. అది ఆయన ఆ ఇంటికి చదివించే కట్నం.

పాత అద్దాన్ని, తెగిన స్ప్రింగును, బెల్టును పొట్లం కట్టబోయి ఈసారి చెయ్యి ఆపుకున్నాడు. ఇంత శుభమైన వస్తువు పక్కన కుళ్ళిన తోలుముక్కను పంపడం మర్యాద కాదనిపించింది. అన్నింటినీ బుట్టలో వేశాడు. మరుసటి ఉదయం మున్సిపాలిటీ చెత్తబండి వాటిని తీసుకుపోయింది.

వాచీని తానే కుప్పం తీసుకువెళ్ళాడు. పుంగనూరు, పలమనేరు దాటి బస్సు కుప్పం చేరేదాకా చొక్కా లోపలి జేబు మీదినుంచి అరచేయి తీయలేదు. అంబిక, కాలేజీలో లెక్చరరైన ఆమె భర్త మధుసూదన్, ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. వాచీని చూసి అంబిక "అబ్బ! ఎంత బాగుండాదో సూడమ్మా!" అని, తల్లికి చూపు లేదన్న సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకుని, దాన్ని ఆమె చేతిలో పెట్టింది.

ఈశ్వరమ్మ బొటనవేలు నేరుగా ఎడమ కింది మూలకు వెళ్ళింది. అక్కడ ఆగింది. మళ్ళీ నాలుగు మూలలూ తడిమింది. అద్దం మీద గోరు గీసింది. బెల్టు వాసన చూసింది.

"ఇది ఎవురిదప్పా?" అంది.

అలావుద్దీన్ ముఖం వెలిగింది. ఆయనకు అలవాటైన మెచ్చుకోలు అది. "మీదేనమ్మా! కొత్తదాని మాదిరి చేసినాను."

"నన్ను ఆట పట్టించొద్దు. నా మొగుడి వాచీ యాడ?"

"అదేనమ్మా ఇది. మూలన సొట్ట ఉన్నింది, తీసేసినాను. గీతలు గూడా—"

"సొట్ట తీసినావా? ఎవురు తీయమనిరి నిన్ను?" ఆమె గొంతు పెరగలేదు, అదే భయం కలిగించింది. "మాకు కొత్తగా పెండ్లయిన ఏడు, మండీకాడ లారీ ఎనక తలుపు ఊడి ఆయప్ప చేతిమీద పడింది. ఎముక పిండి కావాల్సింది. వాచీ అడ్డం పడి కాసింది. అందుకే ఆయప్ప ఆ సొట్టను ముట్టనీలేదు ఎవురినీ. దాన్ని తీసేసినానని ఎంత సులువుగా చెప్తాండావయ్యా. తీసింది సొట్టను గాదు నువ్వు. వాచీనే తీసినావు."

"అల్లా సాచ్చిగా అదేనమ్మా..."

"ఆయప్ప బతికున్నెప్పుడే చెప్పేవాడు, అలావుద్దీన్ కన్ను దీనిమీదనే ఉండాదని. నగుతా చెప్పేవాడు. నేనూ నగినాను."

మధుసూదన్ తొందరపాటు మనిషి కాదు. అత్తను సముదాయించి, అలావుద్దీన్‌ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఒక్కొక్కటే అడిగాడు.

"ఇది బంగారమేనా?"

"కంసాలికి సూపించుకోండి సార్."

ఆ పూటే చూపించారు. అసలు బంగారమే. కానీ అది ఏ ప్రశ్నకూ జవాబు కాలేదు. బంగారు వాచీకి బదులు బంగారు వాచీ పెట్టడం అసాధ్యమేమీ కాదు. అలాంటి పాత వాచీకి బెంగళూరులో ఎంత గిరాకీ ఉందో మధుసూదన్ ఫోనులో అప్పటికే చూసి ఉన్నాడు.

"లోపల నెంబరుంటాదంట గదా?"

"ఉండాది సార్. సూడండి."

"సరే. అదే పాత నెంబరని మేమెట్ల తెలుసుకోవాల? మా ఇంట్లో ఎవురూ ఎప్పుడూ మూత తీసిందే లేదే."

అలావుద్దీన్ చేతిలోని మంచినీళ్ళ గ్లాసును కింద పెట్టాడు.

"పాత అద్దం?"

"పారేసినాను సార్."

"బెల్టు?"

"అదీ... చెత్తబండి తీసుకపోయింది."

"నువ్వు ఎప్పుడూ పాత సామాను పొట్లం కట్టి ఇస్తావంట. మదనపల్లెలో అందురూ అదే మాట చెప్తారు. దీనికొక్కదానికే యాల ఇయ్యలేదు?"

ఆ ప్రశ్న న్యాయమైనది. దానికున్న నిజమైన జవాబు, మర్యాద కోసమని, నోటిదాకా వచ్చి అబద్ధంలా వినబడుతుందని ఆయనకే తోచి ఆగిపోయింది. గోడమీది అంబిక పెళ్ళి ఫోటోలో గోవిందస్వామి చేతికి ఏదో నిలువు మెరుపు కనిపిస్తోంది. అంతకంటే ఆ ఫోటో ఏమీ చెప్పలేదు.

"నాకైతే అన్నమీద నమ్మకముండాది," అని అంబిక ఒక్కతే అంది.

ఈశ్వరమ్మ వాచీని చేయి చాచి అలావుద్దీన్ వైపు పెట్టింది. "తీసుకోని పో. నాదాన్ని తెచ్చి ఇచ్చినప్పుడు నా గడప తొక్కు."

పోలీసులు రాలేదు, పంచాయితీ జరగలేదు. అలా జరిగి ఉంటే ఎవరో ఒకరు విచారించి తేల్చేవాళ్ళేమో. జరిగింది వేరు. పుంగనూరులో గోవిందస్వామి బంధువుల నోట మొదలైన మాట బస్సుల్లో మదనపల్లె చేరింది. ముందుగా, ఏడాదిగా మరచిపోయిన వాచీల కోసం మనుషులు వచ్చారు. "పనైనా కాకపోయినా పర్వాలేదు భాయ్, ఇచ్చెయ్," అన్నారు. కొందరు అక్కడే నిలబడి మూత తీయించి చూసుకున్నారు. ఒకరు తన వాచీని ముందూ వెనకా ఫోటో తీసుకుని గానీ బ్యాటరీ మార్చనివ్వలేదు.

పక్క కొట్టు సుదర్శన్‌కు నోటి దురుసు తప్ప కుట్ర లేదు. "ఏం భాయ్, ఇంగ బ్యాటరీలు యాలప్పా నీకు? బంగారు టైం నడస్తాండాది గదా నీకు!" అని అందరి ముందూ అన్నాడు. వెనకటి రోజుల్లో అయితే అలావుద్దీన్ నవ్వి ఉండేవాడు.

ఇంట్లో కమరున్నీసా అంది: "ఆయమ్మ తీసుకోకుంటే దాన్ని వాళ్ళ గడపలో పెట్టి వచ్చెయ్. మన ఇంట్లో దొంగసొత్తు మాదిరి యాల అది?"

"అది దొంగసొత్తు కాదు."

"నాకు తెలుసు. నాకు తెలిసి ఏం లాభం?"

ఆ వాచీకి ఆయన కీ ఇవ్వలేదు. జీవితమంతా కోరుకున్న వస్తువు బల్ల సొరుగులో ఉంది. దాన్ని తెరిచి చూడబుద్ధి కాలేదు. చూసినప్పుడల్లా తన పనితనమే తనకు ఎదురు సాక్ష్యం చెబుతున్నట్టుండేది. సాటిలేకుండా చేశాడు; ఆ చేయడంలోనే, అది అదేనని చెప్పగల ప్రతి గుర్తునూ తన చేత్తోనే తుడిచేశాడు. దొంగ అయితే ఇంత శుభ్రంగా తుడవగలిగేవాడు కాదు.

ఆ ఆలోచనలోంచే మరో ఆలోచన పుట్టింది. సొట్ట ఎక్కడుండేదో, ఎంత లోతో, ఏ పక్కకు వాలి ఉండేదో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఈశ్వరమ్మ తప్ప మరొకరు లేరు. తీసినవాడు మళ్ళీ పెట్టలేడా? ఇందులో మోసం ఏముంది? వాచీ అదే. చోటు అదే. తాను చెరిపినదాన్ని తానే తిరిగి రాస్తున్నాడు. ఇలా ఆయన తనకు తాను చెప్పుకున్న వాదంలో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా సుత్తి తీసేముందు లేచి దుకాణం తలుపు దించాడు. మూత తీసి చూసిననాడు సగమే దించాడు. ఈసారి పూర్తిగా దించాడు. మనసుకు తెలియనిదేమీ ఉండదు.

గుండ్రటి మొన మూలన ఆనించి ఒకే దెబ్బ కొట్టాడు. సరిగ్గా పడింది. చేయి వణకలేదు.

కుప్పంలో ఆ రోజు ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. ఈశ్వరమ్మ వరండాలో కూర్చుని ఉంది. అలావుద్దీన్ గడప తొక్కకుండా కిందే నిలబడి, "అమ్మా, వాచీ తెచ్చినాను," అన్నాడు. అబద్ధం ఆడకూడదని ఆ మాటలనే ఏరుకున్నాడు.

ఆమె ఆత్రంగా చేయి చాచింది. బొటనవేలు మూలకు చేరింది. ముఖంలో ఒక్కసారిగా ఏళ్ళు రాలిపోయాయి. "ఆ... ఈడే... ఇదే," అని వాచీని రొమ్ముకు హత్తుకుంది. అంబిక కళ్ళు తుడుచుకుంది. అలావుద్దీన్ వరండా స్తంభం పట్టుకున్నాడు.

ముసలామె మళ్ళీ తడిమింది. ఈసారి మెల్లగా. సొట్ట చుట్టూ గోరు తిప్పింది. ఒకసారి, రెండోసారి. ముఖం ఆరిపోయింది.

"ఇది నిన్నా మొన్నా పడిందే," అంది.

అంబిక దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"నా మొగుడిది అరిగిపోయిన సొట్ట. ఆయప్ప ఏలూ నా ఏలూ తిరిగి తిరిగి నున్నగైపోయింది. ఏలు పెడితే జారిపోయేది. దీంట్లో అంచు గోరుకు తగుల్తాండాది." ఆమె తల ఆయన గొంతు వినవచ్చిన దిక్కుకు తిరిగింది. "నేను సొట్ట సంగతి చెప్తే పోయి సొట్ట ఏసుకోనొచ్చినావా? నాది నాకు తెచ్చేవోడికి సొట్ట ఎయ్యాల్సిన పనేముండాదప్పా?"

అలావుద్దీన్ నోరు తెరిచాడు. తీసిందీ తానే, వేసిందీ తానే, రెండుసార్లూ వాచీ అదేనని చెప్పబోయాడు. అవతల నిలబడి ఆ మాట వింటే తాను నమ్ముతాడా అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. నమ్మడు. చేయని దొంగతనానికి మొదటి రోజు ఆయన మీద అనుమానమే ఉంది, సాక్ష్యం లేదు. ఇప్పుడు సాక్ష్యం ఆమె చేతిలో ఉంది. దాన్ని తయారుచేసి తెచ్చింది ఆయనే.

మధుసూదన్ వచ్చి వాచీని తీసుకుని, వెలుతురులో మూలను చూసి, ఏమీ అనకుండా అలావుద్దీన్ చొక్కా జేబులో వేశాడు. కోపం చూపలేదు. "పెండ్లి ఇల్లు. గలాటా వొద్దు. పోయి రాప్పా," అన్నాడు.

ఆయన వీధిలోకి వచ్చాడు. పందిరి వేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నాలుగు అడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. అంబిక. చుట్టూ చూసి, ఆయనకు మాత్రమే వినబడేట్టు, ఎంతో దయగా అడిగింది.

"అన్నా, నేనెవురికీ చెప్పను. మా ఆయనకు గూడా చెప్పను. తప్పు ఎవురైనా చేస్తారు. పాతది యాడుండాదో చెప్పన్నా, అమ్మ కోసరం."

అంతవరకూ ఆయనను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. అలావుద్దీన్ జేబు మీద చేయి వేసుకుని, ఆమె ముఖంలోకి చూశాడు. అందులో నింద లేదు. జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూడటం మాత్రమే ఉంది. ఆయన తల వంచుకుని బస్టాండు వైపు నడిచాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేరు.